నాలుగు ఆకులు.. మూడు గంటల మంట

ఇరాన్ ఇంటి కూర ‘ఘోర్మె సబ్జీ’ నేర్చుకుందాం రండి

* గరం మసాలా లేదు.. మిరపకాయ లేదు.. తాలింపు అసలే లేదు
* రుచంతా ఆకు వేపడంలోనే
* రాజ్మాతో మాత్రం జాగ్రత్త

గోంగూర మాంసం గురించి మనకు ఒకరు చెప్పాలా? బళ్లారిలో ఉన్నా, బరంపురంలో ఉన్నా, హోసూరులో స్థిరపడి మూడు తరాలైనా ఆ పేరు వింటే నోరూరాల్సిందే. పిల్లలు బడిలో కన్నడమో, తమిళమో, ఒడియానో చదువుతుండొచ్చు. కంచం దగ్గరికొచ్చేసరికి మాత్రం తెలుగే! సరిగ్గా ఇలాంటి కూరే ఒకటి ఇరాన్‌వాళ్లకూ ఉంది. పేరు ఘోర్మె సబ్జీ. ఆకుకూర, మాంసం, గింజలు, ఎండు నిమ్మకాయ.. ఇదీ దాని సరుకు. ఇరాన్ జాతీయ వంటకం ఏదని అడిగితే ఎక్కువమంది చెప్పే పేరు ఇదే. దేశం వదిలి ఎక్కడో స్థిరపడిన ఇరానీయులు సూట్‌కేసులో ఎండబెట్టిన ఆకు పొట్లాలు సర్దుకుని మరీ విమానం ఎక్కుతారు. దీన్నిబట్టే ఆ కూరతో వాళ్లకున్న అనుబంధం ఏపాటిదో అర్థమవుతుంది.

ఇది హోటల్ కూర కాదు. కబాబులు తినాలంటే ఇరానీయులు హోటల్‌కు వెళ్తారు. ఘోర్మె సబ్జీకి మాత్రం ఇంటి వంటే మేలంటారు. ఎవరి అమ్మ చేసింది వాళ్లకు గొప్ప. కాబట్టి నేర్చుకోవడమూ ఇంట్లోనే జరగాలి. కొలతలు చూసి వేసుకుంటే సగం పని అవుతుంది. మిగతా సగం కంటికీ, ముక్కుకూ తెలియాలి. మన వంటింట్లో దీన్ని చేయొచ్చా? నిక్షేపంలా చేయొచ్చు. దాదాపు అన్నీ మన సంతలో దొరికేవే. కావాల్సిందల్లా ఒక ఆదివారం పూట, కాస్త ఓపిక.

పేరు మనకు కొత్తేం కాదు

ఫార్సీలో ‘సబ్జ్’ అంటే పచ్చ రంగు. ‘సబ్జీ’ అంటే ఆకులు. షోలాపూర్, నాందేడ్‌లలోని మనవాళ్లు సబ్జీ అంటే ఏ కూరైనా సరే అనుకుంటారు. ఇరాన్‌లో మాత్రం ఆకులకే ఆ పేరు. ఎండాకాలం షర్బత్‌లో మనం వేసుకునే సబ్జా గింజల పేరు కూడా ఈ పచ్చదనం నుంచి వచ్చిందే. ఇక ‘ఘోర్మె’.. పరోటాతో పాటు హోటల్లో ఇచ్చే కుర్మాకు ఇది తోబుట్టువు. రెండూ వేపడం అనే అర్థమున్న తుర్కీ మాట నుంచి పుట్టినవే. మాట ఒక్కటే అయినా ఇక్కడికొచ్చిన కుర్మాలో కొబ్బరి, గసగసాలు చేరాయి. అక్కడున్న ఘోర్మెలో ఆకు నిలిచింది.

మన ప్రాంతానికీ ఇరాన్‌కూ రాకపోకలు ఈనాటివి కావు. బీదర్‌లో 1472లో కట్టించిన మదరసా ఇప్పటికీ కనిపిస్తుంది. దాన్ని కట్టించిన బహమనీ మంత్రి మహమూద్ గవాన్ ఇరాన్‌లోని గిలాన్ ప్రాంతం నుంచి వచ్చినవాడు. 1591లో హైదరాబాద్ నగరానికి రూపమిచ్చిన మీర్ మోమిన్ అస్త్రాబాదీదీ ఇరానే. బెంగళూరులో అలీ అస్కర్ రోడ్డు ఉంది కదా.. ఆ ఆగా అలీ అస్కర్ షిరాజ్ నుంచి గుర్రాలతో వచ్చిన వ్యాపారి. 1926 నుంచి 1941 వరకు మైసూరు దివానుగా చేసిన సర్ మీర్జా ఇస్మాయిల్ ఆయన మనవడే. తర్వాత యజ్ద్, కెర్మాన్ వైపు నుంచి వచ్చినవాళ్లు ముంబయి, పుణె, హైదరాబాద్‌లలో ఇరానీ హోటళ్లు తెరిచారు. చాయ్, బన్ను, బిస్కెట్లు ఊరూరా పాకాయి. కానీ ఈ ఆకుకూర మాత్రం వీధిలోకి రాలేదు. ఇంట్లోనే ఉండిపోయింది.

నాలుగు ఆకులు ఏవంటే..

మొదటిది జాఫరీ. అంటే పార్స్లీ. చూడ్డానికి పెద్దాకు కొత్తిమీరలా ఉంటుంది. వాసన మాత్రం వేరు. ఘాటు తక్కువ, పచ్చి గడ్డి వాసన ఎక్కువ. రెండోది గెష్నిజ్.. మన కొత్తిమీరే. కోలారులో కొత్తంబరి సొప్పు, తిరుత్తణిలో కొత్తమల్లి, నాందేడ్‌లో కోథింబీర్. మూడోది తరె. ఇది ఉల్లి జాతి మొక్క. గడ్డిపోచల్లా సన్నగా, బల్లపరుపుగా ఉండే ఆకు. ఇక్కడ దొరకదు కాబట్టి ఉల్లికాడల పచ్చ భాగం వాడుకోవచ్చు. నాలుగోది షంబలీలె. అదే మెంతికూర. కన్నడంలో మెంత్య సొప్పు, తమిళంలో వెందయ కీరై.

ఈ నాలుగింటికీ సమాన వాటా లేదు. పార్స్లీ ఎక్కువ ఉండాలి. కొత్తిమీర, ఉల్లికాడలు దాని వెనక. మెంతికూర చాలా తక్కువ. మనకు మెంతి మాంసం అలవాటు కాబట్టి కట్ట మొత్తం వేసేయాలనిపిస్తుంది. వేశారో.. కూర చేదే! మెంతి ఇక్కడ వాసనకే గానీ కూరకు కాదు. కానీ అది లేకపోతే కూరకు ఆ పేరే లేదు. ఇరాన్‌వాళ్లు వీధిలో నడుస్తూ ఏ ఇంట్లో ఘోర్మె సబ్జీ ఉడుకుతోందో చెప్పేస్తారంటే అది ఈ మెంతి పుణ్యమే.

పార్స్లీ బెంగళూరు, పుణె, చెన్నైల్లోని పెద్ద దుకాణాల్లో దొరుకుతుంది. చిన్న ఊళ్లలో కష్టం. దొరక్కపోతే కొత్తిమీర కాస్త పెంచి, మిగతా లోటు పాలకూరతో పూడ్చుకోవచ్చు. ఇరాన్‌లోనూ కొన్ని ఇళ్లలో పాలకూర కలుపుతారు. అచ్చం అదే రుచి రాదు గానీ దగ్గరకు వస్తుంది.

కావలసినవి (ఆరుగురికి)

ఎముకతో ఉన్న గొర్రె మాంసం: ముప్పావు కిలో
పార్స్లీ: 250 గ్రాములు
కొత్తిమీర: 200 గ్రాములు
ఉల్లికాడల పచ్చ భాగం: 200 గ్రాములు
మెంతికూర ఆకు: 50 గ్రాములు (లేదా ఎండబెట్టిన మెంతాకు 2 పెద్ద చెంచాలు)
రాజ్మా: ఒక కప్పు
ఎండు నిమ్మకాయలు: 4 లేదా 5
పెద్ద ఉల్లిపాయలు: 2
పసుపు: ఒక చిన్న చెంచా
మిరియాల పొడి: ఒక చిన్న చెంచా
నూనె: అర కప్పుకు కాస్త పైన
ఉప్పు: సరిపడా

జాబితా చూస్తే ఏదో మరిచిపోయారనిపిస్తుంది. అల్లం వెల్లుల్లి ఏదీ? ధనియాల పొడి ఏదీ? పచ్చిమిర్చి? ఏవీ లేవు. మన నాలుకకు ఇదే అసలు పరీక్ష. కారం లేని మాంసం కూర ఏంటని మూతి విరవొద్దు. పులుపు, ఆకు వాసన, మాంసం సారం.. ఈ మూడే ఇక్కడ పని చేస్తాయి. మొదటిసారి ఉన్నదున్నట్టు చేసి చూడాలి. ఆ తర్వాత మీ ఇష్టం.

ఆకు తుంచడమే సగం పని

ఇరాన్ ఇళ్లలో ఆకు బాగుచేయడం ఒక్కరి పని కాదు. కిలోలకు కిలోలు తెచ్చి నేల మీద గుడ్డ పరిచి, అత్తా కోడళ్లు, అక్కచెల్లెళ్లు, ఇరుగుపొరుగు చుట్టూ కూర్చుంటారు. కబుర్లు చెప్పుకుంటూ ఆకు తుంచుతారు. మన పల్లెల్లో చింతచిగురు ఏరుకున్నట్టు, చింతపండు గింజలు తీసుకున్నట్టు అన్నమాట. ఇప్పుడు అక్కడి పట్నాల్లో తరిగిన ఆకు, వేపిన ఆకు కూడా దుకాణాల్లో అమ్ముతున్నారు. ఉద్యోగాలు చేసేవాళ్లు అదే తెచ్చుకుంటారు. అయినా పెద్దవాళ్లు మాత్రం ఇంట్లో తరిగిందే కూర అంటారు.

ముదురు కాడలు తీసేయాలి. లేత కాడలు ఉండొచ్చు. పెద్ద గిన్నెలో నీళ్లు పోసి ఆకు ముంచి పది నిమిషాలు వదిలేస్తే మట్టి అడుక్కి దిగుతుంది. నీళ్లు వంచేయొద్దు.. ఆకునే పైకి తీయాలి. వంచితే దిగిన మట్టి మళ్లీ ఆకు మీదికే వస్తుంది. ఇలా మూడుసార్లు. తర్వాత గుడ్డ మీద పరిచి బాగా ఆరనివ్వాలి. ఇది దాటవేసే పని కాదు. తడి ఆకు తరిగితే ముద్దవుతుంది. నూనెలో వేస్తే వేగదు, ఉడుకుతుంది.

తరగడం కత్తితోనే. సన్నగా, కానీ పొడి పొడిగా. మిక్సీలో వేస్తే నిమిషంలో అయిపోతుంది నిజమే. కానీ రసం బయటకొచ్చి పచ్చడవుతుంది. కత్తిపీట అలవాటున్న మన పెద్దవాళ్లకు ఇది చిటికెలో పని.

వేపుడే ప్రాణం

వెడల్పాటి మూకుడులో నూనె పోసి మధ్యస్థ మంట మీద పార్స్లీ, కొత్తిమీర, ఉల్లికాడలు వేయాలి. మొదట గుట్టంత ఉంటుంది. అయిదు నిమిషాల్లో అణిగిపోతుంది. మొదట ఆవిరి వస్తుంది, తర్వాత ఆవిరి తగ్గి చిటపట మొదలవుతుంది. అక్కడి నుంచి గరిటె ఆపకూడదు. రంగు చిలకపచ్చ నుంచి ముదురాకుపచ్చకు, అక్కడి నుంచి నలుపుకు ఓ అడుగు దూరంలోకి వస్తుంది. వాసన కూడా మారుతుంది. పచ్చివాసన పోయి, కాల్చిన గడ్డిలాంటి కమ్మటి వాసన వస్తుంది. మొత్తం 20 నిమిషాల పని. మెంతికూర చివరి రెండు మూడు నిమిషాల్లోనే వేయాలి. ఎండు మెంతాకైతే దించే ముందు. అది మాడితే కూర మొత్తానికి చేదు పడుతుంది.

ఇక్కడే చాలామంది తొందరపడతారు. ఆకు అణిగింది కదా, ఇక చాలనుకుంటారు. అలా దించేస్తే వచ్చేది ఆకుకూర పులుసే. ఘోర్మె సబ్జీ కాదు. గోంగూర మగ్గి నూనె తేలేదాకా ఆగినట్టే ఇక్కడా ఆగాలి.

ఎండు నిమ్మకాయ కథ

ఈ కూర పులుపు ఎండు నిమ్మకాయలో ఉంది. ఫార్సీలో లీమూ అమానీ అంటారు. ఒమన్ నిమ్మ అని అర్థం. చిన్న నిమ్మకాయల్ని ఉప్పు నీళ్లలో ఉడికించి, గట్టిపడేదాకా ఎండబెడతారు. గోధుమ రంగులో గానీ, లోపల నల్లగా గానీ ఉంటుంది. చేత్తో పట్టుకుంటే బరువే ఉండదు. ఒట్టి పులుపు కాదు.. పులిసిన వాసన, కాస్త చేదు, కాస్త పొగ తగిలినట్టుండే రుచి. తమిళనాట ఉప్పు నార్తంగాయ తిన్నవాళ్లకు ఈ తీరు కొత్తనిపించదు.

బెంగళూరు, పుణె, ముంబయి, హైదరాబాద్‌లలో అరబ్బు, ఇరానీ సరుకులు అమ్మే చోట అడిగితే దొరకొచ్చు. లేదంటే మన ఎండ ఏమైపోయింది? రాయచూరు, బళ్లారి వేసవిలో నిమ్మకాయ ఎండడం ఓ లెక్కా! పల్చటి తొక్కున్న చిన్న కాయలు తీసుకుని, ఉప్పు నీళ్లలో అయిదు నిమిషాలు మరిగించి, తుడిచి, మిద్దె మీద పల్చటి గుడ్డ కప్పి ఎండబెట్టాలి. రాత్రిళ్లు లోపల పెట్టేయాలి. మూడు నాలుగు వారాలకు గలగలమంటాయి. యానాం, బరంపురం లాంటి తడిగాలి ఊళ్లలో బూజు భయం ఉంటుంది కాబట్టి నడివేసవిలోనే చేసుకోవాలి. బూజు కనిపించిన కాయ పారేయడమే.

వాడేముందు వేడినీళ్లలో కాసేపు నానబెట్టి, ఫోర్కుతో రెండు మూడు గాట్లు పెట్టాలి. సగానికి కోస్తే గింజలు తీసేయాలి. చేదంతా వాటిలోనే. ఎండు నిమ్మ దొరకనే లేదా? దించే పది నిమిషాల ముందు రెండు నిమ్మకాయల రసం పిండొచ్చు. పులుపు వస్తుంది. ఆ పాత వాసన మాత్రం రాదు.

రాజ్మాతో ఆటలొద్దు

పచ్చి రాజ్మాలో ఒక విషపదార్థం ఉంటుంది. సరిగా ఉడకని గింజలు కొద్దిగా తిన్నా గంట నుంచి మూడు గంటల్లో వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. నానబెట్టినంత మాత్రాన అది పోదు. సన్నటి మంట మీద గంటల తరబడి వేడెక్కించినా సరిగా మరగకపోతే పోదు, సరికదా ఇంకా పెరుగుతుంది కూడా. ఈ కూర సన్నమంట మీద ఉడికేది కాబట్టి నానిన గింజల్ని నేరుగా అందులో పడేస్తే చిక్కే.

రాత్రంతా నానబెట్టాలి. ఆ నీళ్లు పారబోసి కొత్త నీళ్లు పోసి, కనీసం 10 నిమిషాలు తెర్లనివ్వాలి. అరగంట మరిగిస్తే దిగులే ఉండదు. కుక్కర్లో వేస్తే ఇంకా మేలు. గింజ చిదిమితే మెత్తగా నలగాలి. అప్పుడే కూరలోకి. ఇంకో మాట.. పులుపు తగిలితే గింజ గట్టిపడిపోతుంది. సగం ఉడికిన రాజ్మా, నిమ్మకాయ ఒకేసారి వేశారంటే సాయంత్రం దాకా మంట పెట్టినా ఉడకదు. చింతపండు పోశాక కందిపప్పు ఉడకదని మనకు తెలిసిందే కదా!

పొయ్యి మీద మూడు గంటలు

మందపాటి గిన్నెలో రెండు చెంచాల నూనె వేసి ఉల్లిపాయ ముక్కలు బంగారు రంగు వచ్చేదాకా వేపాలి. పసుపు, మిరియాల పొడి, మాంసం ముక్కలు వేసి అన్ని వైపులా రంగు మారేదాకా తిప్పాలి. ఆరు కప్పుల నీళ్లు పోసి, మూత పెట్టి, సన్నమంట మీద గంట వదిలేయాలి. తర్వాత వేపిన ఆకు, ఉడికిన రాజ్మా. మరో గంట. అప్పుడు ఎండు నిమ్మకాయలు. ఇంకో ముప్పావు గంట నుంచి గంట. ఉప్పు చివరే. తొందరుంటే మాంసం వరకు కుక్కర్లో పెట్టుకోవచ్చు. ఆకు వేశాక మాత్రం మూత పెట్టిన గిన్నే మేలు. కుక్కర్ అన్నీ ఒకేసారి మెత్తగా చేసేస్తుంది గానీ ఒకదాని రుచి ఇంకోదానికి ఎక్కనివ్వదు.

ఎప్పుడు దించాలి? ఇరాన్‌వాళ్లు దీనికి ఒక మాట వాడతారు.. ‘జా ఓఫ్తాదె’. అంటే దాని చోట అది పడింది అని. మొదట ఆకు ఒకచోట, నీళ్లు ఒకచోట, మాంసం ఒకచోట ఉంటాయి. చివరికి నీళ్లు చిక్కబడి, ఆకు అందులో కలిసిపోయి, పైన పచ్చటి నూనె తేలుతుంది. అదే గుర్తు. ఈ మాటకు తెలుగు వెతుక్కోనక్కర్లేదు. మన అమ్మమ్మలు రోజూ అనేదే.. కూర ‘కుదిరింది’!

అడుగు కోసం పోట్లాట

దీన్ని రొట్టెతో కాదు, తెల్లన్నంతో తింటారు. ఇరాన్‌లో అన్నం వండడం కూడా ఓ కళే. కాస్పియన్ సముద్రం పక్కనున్న గిలాన్, మాజందరాన్‌లలో వరి పండుతుంది. బియ్యం ఉప్పు నీళ్లలో నానబెట్టి, ఎక్కువ నీళ్లలో ముప్పాతిక వంతు ఉడికించి వార్చేస్తారు. మళ్లీ గిన్నెలో నూనె, చిటికెడు కుంకుమపువ్వు నీళ్లు వేసి, ఆ అన్నం గోపురంలా పోసి, మూతకు గుడ్డ చుట్టి సన్నమంట మీద ముప్పావు గంట మగ్గిస్తారు. మన దమ్ బిర్యానీలోని ‘దమ్’ అక్కడి మాటే.

గిన్నె అడుగున బంగారు రంగులో, కరకరలాడుతూ ఒక చెక్క కడుతుంది. దాని పేరు తహ్‌దీగ్. తహ్ అంటే అడుగు, దీగ్ అంటే గిన్నె. మనం వాడే డేగిసా కూడా ఈ దీగ్ బంధువే. మనింట్లో అన్నం అడుగంటితే ఇల్లాలికి చిన్నతనం. అక్కడ అడుగు కట్టకపోతే చిన్నతనం. అతిథి వస్తే ముందు ఆ చెక్కే పెడతారు. పిల్లలు దానికోసం కొట్టుకుంటారు. పక్కన పచ్చి ఉల్లిపాయ, ముల్లంగి, పెరుగు ఉంటే భోజనం పూర్తి.

ఎక్కడ తప్పుతుందంటే..

కూర చేదైతే మూడు చోట్ల వెతకాలి. మెంతి ఎక్కువై ఉండాలి, ఆకు మాడి ఉండాలి, లేదా నిమ్మ గింజలు పడి ఉండాలి. పలచగా, గడ్డి వాసనతో ఉంటే ఆకు సరిగా వేగలేదన్నమాట. రంగు లేతపచ్చగా ఉందంటే అదే కారణం. నీళ్లు తేలుతుంటే మూత తీసి ఇంకో అరగంట ఉంచడమే మందు. శనగపిండో, కార్న్‌ఫ్లోరో కలిపి చిక్కబరచొద్దు. పులుపు చాలకపోతే ఉడికిన ఎండు నిమ్మకాయను గరిటెతో మెల్లగా నొక్కితే రసం దిగుతుంది. అన్నీ చేసినా ఏదో తక్కువైందనిపిస్తే.. రాత్రికి అలాగే ఉంచి మర్నాడు తినండి. చేపల పులుసులాగే ఇది కూడా రెండో రోజు రుచి. మాంసం కూర కాబట్టి చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టడం మరవొద్దు.

మాంసం తినని ఇళ్లలో రాజ్మా కాస్త పెంచి, పుట్టగొడుగులు వేసుకోవచ్చు. వేపుడు, ఎండు నిమ్మ ఉంటే చాలు, కూర తన దారిన తాను కుదురుతుంది.

ఊరికో తీరు

ఇరాన్ అంతటా ఒకేలా చేయరు. వాయవ్యాన అజర్‌బైజాన్ ప్రాంతంలో రాజ్మాకు బదులు అలసందలు వేస్తారు. వాటికి అక్కడి పేరు వింటే ముచ్చటేస్తుంది.. ‘బుల్‌బుల్ కన్ను’ చిక్కుళ్లు! తెల్ల గింజ మీద నల్ల మచ్చను చూసి పెట్టిన పేరు. మనం బొబ్బర్లంటాం, అలసందలంటాం. రాజ్మా భయం ఉన్నవాళ్లు ఇవి వాడుకోవచ్చు. షిరాజ్ వైపు గింజలు తీసేసి వేపిన బంగాళాదుంప ముక్కలు వేస్తారు.

సముద్రం పక్కన ఉండే మనవాళ్లకు ఇంకో మంచి కబురు. ఇరాన్ దక్షిణ తీరంలో, బుషెహ్ర్, ఆబాదాన్ వైపు ‘ఘలియే మాహీ’ అనే చేపల కూర ఉంది. కొత్తిమీర, మెంతికూర బాగా వేపి, వెల్లుల్లి, పసుపు, మిరపకాయ, చింతపండు పులుసు పోసి చేప ముక్కలు వేస్తారు. చింతపండును అక్కడ ‘తమ్రె హిందీ’ అంటారు. హిందుస్తాన్ ఖర్జూరం అని అర్థం. కారం లేదని ఘోర్మె సబ్జీకి మొహం చిట్లించినవాళ్లు కూడా దీనికి కాదనరు. యానాం పులస పులుసు వండే చేయికి ఇది నేర్పాల్సిన పనే లేదు.

రాసిపెట్టకపోతే పోయేదే

1979 విప్లవం తర్వాత లక్షల మంది ఇరానీయులు దేశం వదిలారు. అమెరికాలోని లాస్ ఏంజెలెస్‌లో ఎంతమంది చేరారంటే, అక్కడివాళ్లు సరదాగా ఆ ఊరికి ‘తెహ్రాంజెలెస్’ అని పేరు పెట్టేశారు. అక్కడ పుట్టిన పిల్లలు ఇంగ్లిషులో పెరిగారు. ఫార్సీ చదవడం రానివాళ్లున్నారు. వాళ్ల దగ్గర మిగిలిన ఇరాన్ ఏదంటే చాలామందికి అమ్మ వండే ఈ కూర వాసనే.

ఈ చిక్కు ముందే గ్రహించినవాళ్లలో ఒకరు నజ్మియె బత్మంగలీజ్. 1979లోనే ఇరాన్ విడిచిన ఆమె, పరాయి దేశంలో పెరిగే పిల్లల తరానికి వంట అందాలని కొలతలతో సహా రాయడం మొదలుపెట్టారు. ‘ఫుడ్ ఆఫ్ లైఫ్’ పేరుతో 1986లో ఇంగ్లిషులో వచ్చిన ఆ పుస్తకం ప్రవాస ఇరానీ ఇళ్లలో స్థిరపడిపోయింది. ఇరాన్ లోపల అంతకు ముందే రోజా మొంతజెమీ ఫార్సీలో రాసిన వంటల పుస్తకం ఇంటింటికీ చేరింది. అప్పటిదాకా కొలత అనేదే లేదు. ఎంత వేయాలని అడిగితే ‘కంటికి తెలుస్తుంది’ అనేవాళ్లు. కన్ను ఉన్న మనిషి పోతే? కొలత కూడా పోయినట్టే.

ఇరాన్‌లో ఒక సామెతలాంటి మాట ఉంది. ఎవరి తలలోనైనా ఎదురు తిరిగే ఆలోచనలు తిరుగుతున్నాయనుకోండి, ‘వాడి తల ఘోర్మె సబ్జీ వాసన వేస్తోంది’ అంటారు. అంటే ఏదో చిక్కు తెచ్చుకుంటాడు జాగ్రత్త అని. వంటకం పేరు నుడికారంలోకి ఎక్కిందంటే అది జనం నోట్లో ఎంతగా నానిందో తెలుస్తుంది. అదే సమయంలో ఇంకోటీ తెలుస్తుంది.. కూర వండడం మానేస్తే ఆ మాటకు అర్థం చెప్పేవాళ్లూ మిగలరు.

సరిహద్దుకు ఇవతల ఉన్న తెలుగు ఇళ్లకు ఈ ముచ్చట పరాయిది కాదు. పొన్నగంటి కూర, చెంచలి కూర, గంగవాయిల కూర.. ఈ పేర్లు మూడో తరంలో ఎంతమందికి తెలుసు? సంతలో కనిపించినా పక్క భాషలో పేరు చెప్పి కొనుక్కొస్తున్నారు, లేదంటే కొనడమే మానేస్తున్నారు. మన పెద్దవాళ్లూ ఇరాన్ అమ్మల్లాగే ‘చూసి వేసెయ్’ అనేవాళ్లే. ఎంత చూడాలో ఎవరూ రాసుకోలేదు.

అందుకే ఈ ఆదివారం ఇరాన్ కూర వండేటప్పుడు ఒక పని చేస్తే బాగుంటుంది. ఆకు తుంచడానికి ఇంట్లో పెద్దావిడను పక్కన కూర్చోబెట్టుకోండి. ఎలాగూ కిలో ఆకు, గంట పని. ఆవిడ చిన్నప్పుడు ఏయే ఆకులు వండేవాళ్లో, ఎంత వేసేవాళ్లో అడగండి. కాగితం, పెన్ను పక్కన ఉంచుకోండి. తెలుగు రాయడం రాకపోతే వచ్చిన భాషలోనే రాసుకోండి, పేర్లు మాత్రం తెలుగులోనే ఉండనివ్వండి. పొయ్యి మీద గిన్నెకు ఇంకా మూడు గంటల టైముంది.